తెల్లగా వదిలేసిన చోటు

జూన్ 4

బడి గోడకు ఈరోజు ఫ్లెక్స్ కట్టారు. మా చేలో ఉన్న సెన్సార్ పెట్టె పంపిన డేటాతో, ఆ పెట్టె బిగించిన జాయ్ అక్క కంప్యూటర్‌లో చేసిన బొమ్మ. కొండలు, పల్లాలు, నడుమ ఒకచోట నీలం. ఎర్రటి మెట్టల మధ్య ఆ నీలం చూస్తే గొంతు చల్లబడినట్టు ఉంది.

పెట్టె పెట్టి ఏడాదైంది. మట్టిలో తడి ఎంత, వేడి ఎంత అని అది గంటగంటకూ చూస్తుంది. నా పని ఒక్కటే. పొద్దున్నే పోయి దాని సోలార్ పలక మీది దుమ్ము కొంగుతో తుడవడం. జాయ్ అక్క అనంతపురం నుంచి వచ్చినప్పుడల్లా నీ వల్లే ఇది బతికి ఉండాది అంటుంది. నేను తల వంచుకుని నవ్వుతాను.

జూన్ 5

మా ఆయన ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడట. ఇంటికి వచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా చెప్పాడు. అది మన చేనే, రోడ్డు మీంచి చూస్తే ఎట్లుంటాదో అట్లే ఉండాది, కుడిపక్క గుట్ట, దాని పక్కన తెల్లగా చౌడు, ఆ పక్క పల్లంలో నీళ్లు. నీళ్లు చూపిస్తామని టెంకాయ చేతిలో పెట్టుకుని తిరిగినోళ్లని నమ్మి మూడు బోర్లు పోగొట్టుకున్నాము, ఈసారి కంప్యూటరే పాయింట్ చూపించినాది అన్నాడు.

పోయి చూశాను. నిజంగానే అట్లాగే ఉంది. నాకూ ఆశ పుట్టింది.

జూన్ 8

గొర్రెలు అమ్ముతాడట. వచ్చే శనివారం సంతకు. బోరు బండి వాళ్లతో మాట్లాడేశాడు.

ఈ మందకు మొదటి రెండు పిల్లలు మా అమ్మ సోమందేపల్లె నుంచి టెంపోలో పంపింది. పోయినేడు మమ్మల్ని సాకింది ఇవే, శెనక్కాయ కాదు. నీళ్లు పడితే మళ్లీ కొనుక్కోవచ్చు. పడకపోతే మా ఆయన బెంగళూరుకు కూలికి పోవాలి. ఆ మాట ఇంట్లో ఎవరూ అనలేదు.

జూన్ 9

మచ్చల గొర్రె నా చేయి నాకింది. దానికి ఏం తెలుసు.

జూన్ 12

జాయ్ అక్క పెట్టె చూడటానికి వచ్చింది. మజ్జిగ ఇచ్చి, ఆమె తాగేదాకా నిలబడి, ఎట్లాగో అడిగేశాను. ఆ నీలం మా చేలో ఏ చోటు అని.

ఏ చోటూ కాదంది. పెట్టె ఉండేది ఒక్కచోట గదా, చేనంతా దానికెట్లా తెలుస్తాది అంది. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని బొమ్మ తెరిచింది. ఎడమ అంచు పోయిన జూన్. కుడి అంచు మొన్నటి మే. మట్టి ఎంత కాగితే కొండ అంత ఎత్తు. తడి ఉంటే నీలం. మేము గుట్ట అనుకున్నది ఏప్రిల్, మే ఎండలు. నీలం అక్టోబర్‌లో ముసురు పట్టిన వారం.

ఆ వారం నాకు గుర్తుంది. దొడ్డి కారితే గొర్రెల్ని ఇంట్లోకి తోలుకున్నాం. అందరం ఒకటే వాసన.

మరి తెల్లది అన్నాను. అది జనవరి, పలక మీద దుమ్ము పేరుకుని పెట్టె నిద్రపోయినాది, డేటా లేదు అంది. అటూ ఇటూ రోజుల్ని బట్టి కొండలు కల్పించి నింపొచ్చట. మనసొప్పక, లేనిదాన్ని లేనట్టే వదిలేసిందట.

జనవరిలో నేను మా అమ్మ దగ్గర ఉన్నాను. కడుపు పోయింది అప్పుడే. అది జాయ్ అక్కకు చెప్పలేదు. బోరు సంగతి మాత్రం చెప్పి, మా ఆయనకు మీరే చెప్పండి అన్నాను.

జూన్ 13

జాయ్ అక్క ఫోన్ చేసి మా ఆయనకు అంతా చెప్పింది. సరే మేడం, సరే మేడం అన్నాడు. పెట్టేసి, నీళ్లు పడకుంటే తన మీదికొస్తాదని అట్లంటాంది అన్నాడు.

ఆయన పెదనాన్న కొడుకు వెంకటేశులు బావ అరుగు మీదే ఉన్నాడు. నేను తలుపు చాటు నుంచి, అవి రోజులు, మన చేను కాదు అన్నాను. బావ వింటుండగా నేను నోరు తెరవడం ఇదే మొదలు. బావ పగలబడి నవ్వాడు. ఏం తిప్పేషూ, నీ పెండ్లాం మాట వింటే బోరు బండిని క్యాలెండర్ మీద నిలబెట్టాల్సి వస్తాది గదప్పా అన్నాడు. అట్లే నా పెండ్లిరోజు యాడుండాదో చూసి చెప్పమ్మా, ఆడ పెద్ద గుంత ఉంటాది అన్నాడు. మా ఆయన కూడా నవ్వాడు.

నేను లోపలికి వచ్చేశాను.

జూన్ 14

చెప్పాలి. ఆ జనవరి సంగతి ఒక్కటీ చెబితే నమ్ముతాడు. అది ఎట్లా చెప్పేది.

జూన్ 15

సంత బండి బడి దగ్గర ఆగుతుంది. మా ఆయన ముందు, గొర్రెలు నడుమ, నేను వెనక. బండి ఇంకా రాలేదు. ఫ్లెక్స్ ముందే నిలబడ్డాం.

తెల్లటి చోట చేయి పెట్టాను. ఇది చౌడు కాదు, జనవరి అన్నాను. నేను ఈడ లేను, పలక ఎవరూ తుడవలేదు అన్నాను. మా ఆయన నా చేతినే చూస్తున్నాడు. అప్పుడు నువ్వూ చేనికి పోలేదు గదా అన్నాను.

పోలేదు. గొర్రెల్ని బావే తోలుకుపోయేవాడట. మా ఆయన గోడ వైపు తిరిగి పడుకునేవాడని అత్త నాకు తర్వాత చెప్పింది. మేమిద్దరం మాత్రం ఆ పోయిన కడుపు గురించి ఇప్పటిదాకా ఒక్క మాట అనుకోలేదు.

మా ఆయన కూడా ఆ తెల్లదాని మీద చేయి పెట్టాడు. ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగా జరిపాడు. ఇంతేనా, నాకు శానా పెద్దగా అనిపించినాదే అన్నాడు.

బండి వచ్చి హారన్ కొట్టింది. ఏమప్పా, ఎక్కిస్తావా, గోడ తడుముకుంటా ఉంటావా అన్నాడు డ్రైవర్. నువ్వు పోన్నా అన్నాడు మా ఆయన. మచ్చల గొర్రె తాడు నా చేతికి ఇచ్చాడు.

జూన్ 17

బోరు బండి వాళ్లకు వద్దని చెప్పేశాడు. బావ ఇంకా నవ్వుతున్నాడు. నవ్వనీ.

జూన్ 23

పొద్దున ఇద్దరం పోయి పలక తుడిచాం. వచ్చేటప్పుడు బొమ్మ దగ్గర ఆగి, ఈ పొద్దు దీంట్లో యాడొస్తాదే అని అడిగాడు. నేను కుడి అంచు దాటి, ఉత్త గోడ మీద వేలు పెట్టాను.