కాశీలో ఆ రోజు వాన

క్రోయిడన్,
14 మే 2011

ఏమండీ, అమ్మాయీ మనవడూ కులాసా. ఫోన్లో అమ్మాయి ముందు అడగలేక ఈ కార్డు రాస్తున్నాను.

పక్క ఫ్లాట్ జపాన్ ఆవిడ నిన్న నన్ను లైబ్రరీకి తీసుకెళ్లింది. మూడొందల ఏళ్ల కిందట వాళ్ల కవి ఒకాయన ఊరూరా నడిచి రాసిన యాత్రా పుస్తకం అక్కడ చదువుతున్నారు. వెంట నడిచిన శిష్యుడు కూడా డైరీ రాశాడట. ఏ పూట ఎక్కడ బస చేశారు, వాన పడిందా లేదా, అంతే. కవిగారు అందం కోసం మార్చినవన్నీ ఆ డైరీ వల్లే బయటపడ్డాయట. అందరూ నవ్వారు. నాకు మాత్రం మీరు గుర్తొచ్చారు. కాశీ వెళ్లినప్పుడు మీరు సత్రం పేరూ రైలు టైమూ రాసుకుంటుంటే 'గార్డుగారూ' అని ఎంత ఏడిపించానో.

బీపీ మాత్ర మానకండి. ఆవకాయలో నూనె తగ్గలేదుగా? మీ కాశీ డైరీ బీరువాలో నా పట్టుచీరల కింద ఉంది, నేనే దాచాను. ఘాట్ మెట్ల మీద నాకు జ్వరం వచ్చిన రోజు ఏం రాశారో చూడండి. వానలో మీ కండువా నా తలకి కప్పి, మీరు తడిసినట్టు నాకు గుర్తు.

అత్తయ్యగారికి నమస్కారాలు. ఆ రోజు వాన లేదని ఉంటే మాత్రం నాకు రాయకండి.

మీ అలివేలు