చెరకుకు ఉరి వేసిన రాజు

20 నవంబరు 2004, శనివారం

ఇవాళ గ్రంథాలయ వారోత్సవాల ముగింపు సభలో నేను రాసిన కథాగేయం చదివాను. చీమ కుట్టిందని కోపం వచ్చిన రాజు, చీమను రప్పించింది తీపే కదా అని చెరకుగడకు ఉరిశిక్ష వేస్తాడు. దాని మెడ ఎక్కడుందో తలారికి తెలియదు. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి జనాన్ని చూసి ఆగిపోయాను. దిగిపోతే మళ్లీ ఎప్పటికీ వేదిక ఎక్కనని తెలుసు.

అప్పుడు రెండో వరసలోంచి నాన్నమ్మ, ఇంట్లో కథ వింటున్నట్టే, "ఊ" అంది. పక్కావిడా "ఊ" కొట్టింది. వెనకనుంచి ఎవరో రైతు, "ఊ, తరవాతేటైందమ్మా?" అన్నాడు.

చెప్పాను. కణుపు కణుపుకీ ఒక మెడ అని రాజు తేల్చాడు. తాళ్లు చాలక తలారి రాజుగారి మొలతాడు అడిగాడు. హాలంతా నవ్వింది.

ఆటోలో నాన్నమ్మ, "ఊ కొట్టేవోళ్లు నేకపోతే కతెలా నడుత్తాదే?" అంది.

వచ్చే నెల విశాఖలో చదవమన్నారు. అక్కడ ఎవరూ ఊ కొట్టకపోతే...

థాంక్స్ చెప్పడం నాకు చేతకాలేదు. పడుకునేముందు నాన్నమ్మ కాళ్లు పట్టాను.

"ఏటే, ఇయ్యాల ఇంత బక్తి?" అంది. నవ్వి, రెండో కాలు కూడా చాపింది.