మేకల కొట్టంలో పెన్‌డ్రైవ్

రఘునాథపల్లి
సెప్టెంబరు 2011

సుభాష్‌కు నాయినమ్మ యాకమ్మ రాసేది. నేనూ మేకలూ క్షేమం.

నువ్వు నీ దుకాణం నుంచి పంపిన కంప్యూటర్‌లో మన మండలం ఆడవాళ్ల బతుకమ్మ పాటలు ఎక్కిస్తున్నాను. పాడినవాళ్లలో కొందరు పోయారు. ఆ పాటలు ఇంకెక్కడా లేవు. అందుకే నీ మాట ప్రకారం ఇంటర్‌నెట్ తీగ పీకేశాను, బయటి పెన్‌డ్రైవ్ పెట్టనివ్వడం లేదు.

నిన్న సమ్మె కమిటీ కరుణాకర్ ఒకటి తెచ్చాడు. జనగామ తెలంగాణ సభకు అందులోని కరపత్రం ప్రింటు తీయాలట. సంతలో కొన్న మేకను మందలో కలపకముందు విడిగా కట్టేస్తాం కదా, దీన్నీ డబ్బాలో పెట్టి కొట్టంలో వేలాడదీశాను. రోగముంటే ఎన్నాళ్లకు బయటపడుతుందో రాయి.

రిటైరైనా హాజరు తీసుకునే నీ నాయినమ్మ

తా.క.: మేకయితే మేత ముట్టనప్పుడే తెలుస్తుంది. దీనితోనే పరేషాన్.

హైదరాబాద్

నాయినమ్మకు దండాలు.

వైరస్ మేకరోగం లాంటిది కాదు. ఏడాది వేలాడదీసినా బయటపడదు, తగ్గదు. అటక మీది పాత కంప్యూటర్ దించి, ముందు అందులో పెట్టి చూడు. దానికీ నీదానికీ ఏ తీగా కలపకు. పాటలకు నకలు తీసి బీరువాలో దాచు. బస్సులు బంద్, లేకుంటే నేనే వచ్చేవాణ్ని.

నీ కంప్యూటర్ డాక్టర్, సుభాష్

తా.క.: డబ్బా మూతకు గాలి కోసం చిల్లులు పెట్టలేదు కదా?

రఘునాథపల్లి

సుభాష్‌కు,

పెట్టాను.

పాత కంప్యూటర్‌ను కొట్టంలోనే బల్ల మీద పెట్టించాను, రోగిని ఇంట్లోకి తేవడమెందుకని. అక్కడ కరెంటు లేదు, తీగ లాగేవాడు సమ్మెలో ఉన్నాడు. ఈలోగా ఊరంతా ఒకటే మాట: "టీచరమ్మ మన కరపత్రాన్ని మేకలకు మేపిందట." కరుణాకర్ గడప దగ్గరే నిలబడి, "నువ్వు మన దిక్కా, ఆ దిక్కా? జర చెప్పు" అన్నాడు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో లాఠీ దెబ్బ తిన్న మనిషిని నేను.

నిద్రపట్టని నాయినమ్మ

తా.క.: మేకలు కాగితం తింటాయి. పెన్‌డ్రైవ్ తినవు. అడిగినవాళ్లకు అదీ చెప్పాను.

హైదరాబాద్

నాయినమ్మా,

ఊరితో తగువు వద్దు. ఒక్కసారికి ఏమీ కాదు, నీదాంట్లోనే పెట్టనియ్యి.

సుభాష్

రఘునాథపల్లి

సుభాష్‌కు,

నీ ఉత్తరం చదివి పక్కన పెట్టాను.

కరుణాకర్‌ను పిలిచి, "గిట్ల కూసో. నువ్వు చెప్పు, నేను కొడత" అన్నాను. అతను చెప్పాడు, నేను తప్పులు దిద్దుతూ టైపు చేశాను. బయటి వస్తువేదీ నా కంప్యూటర్‌ను తాకలేదు, కరపత్రం సభకు అందింది. నాకు బతుకమ్మ పాటలు చెప్పిన పోచమ్మ పోయి రెండేళ్లయింది. ఆమె పాటను సభలో ఆడవాళ్లంతా నేను ప్రింటు తీసిచ్చిన కాగితం చూసి పాడారు. ఆమె కూతురు నా చేయి వదల్లేదు. నా దిక్కు ఏదని ఇప్పుడెవరూ అడగడం లేదు.

తర్వాత కొట్టానికి కరెంటు వచ్చింది. పెన్‌డ్రైవ్ పెట్టగానే పాత కంప్యూటర్‌లోని ఫోటోలన్నీ మాయమయ్యాయి. "యాడ కొన్నవు గిది?" అని కరుణాకర్‌ను అడిగాను. తల గోక్కుంటూ, "మన సుభాష్ దుకాణంలనే, టీచరమ్మా. సినిమా పాటలు నింపి మరీ ఇచ్చిండు" అన్నాడు.

ముందు నీ దుకాణంలోని కంప్యూటర్లు ఒక్కొక్కటీ విడదీసి శుభ్రం చెయ్యి. ఎలా చేయాలో తెలియకపోతే రాయి, చెబుతాను.

యాకమ్మ

తా.క.: బస్సులు నడవగానే రా. పండ్లు కూడా తేవద్దు. ఉత్త చేతులతో రా.