యూరియా గది తాళం

మామయ్యా, పాలు కాచి మూత పెట్టాను, పిల్లి కాచుక్కూచుంది, జాగ్రత్త. యూరియా గదికి తాళం వేశాను. తాళంచెవి నా దగ్గరే ఉంది, వెతక్కండి.

మొక్కజొన్నకి ఇంక పిడికెడు కూడా వెయ్యను. ముందు వేసిన పెసరచేను కలియదున్నాం కదా, ఆ బలం నేలలోనే ఉంది. మన చేను వెలవెలబోయిందని టీకొట్టు దగ్గర నవ్వితే నవ్వనివ్వండి. పోయినేడు మీరు బస్తాలకు బస్తాలు గుమ్మరిస్తే నల్లగా నిగనిగలాడింది, ఒక్క గాలికి పడుకుంది. బురదలో కంకులు ఏరింది నేను, ఆ నవ్వేవాళ్లు కాదు.

రోడ్డు మీంచి ఆకు చూసి తీర్పు చెప్పకండి. కంకి ఒలిచి చూసి, అప్పుడు తిట్టండి, పడతాను.

అన్నట్టు, మీ మధ్యాహ్నం క్యారేజీ కూడా చేనుకే పట్టుకెళ్తున్నా. ఆకలేస్తే అక్కడికే రండి.