షబానా పెళ్లి కార్డు

ఖాదర్ బాబాయ్,

నీ కూతురు షబానా పెళ్లి కార్డుకి ఇవాళ ప్రూఫు తీశాను. మన వినుకొండ ప్రెస్సులో తెలుగు నేను కంప్యూటర్లో కొడితే, వదిలిన ఖాళీలో ఉర్దూ నువ్వు కలంతో రాసేవాడివి. నువ్వు పోయాక పాత కంప్యూటర్ ఉర్దూని కూడా ఎడమ నుంచే పేర్చి, అక్షరాలు విడగొట్టి నా పరువు తీసింది. కొత్తది బుద్ధిగా ఉంది! ఒకే వరుసలో తెలుగు ఎడమ నుంచి, ఉర్దూ కుడి నుంచి వచ్చాయి. మధ్యలో తేదీ కూడా తిరగబడలేదు.

షబానా చదివి, "తప్పుల్లేవన్నా. మరి పైన ఖాళీ వదిలేశావేంటి?" అంది.

అలవాటు బాబాయ్! నువ్వు రాసిన పాత కార్డు వెతికి, దేవుణ్ణి తలుస్తూ పైన నువ్వు రాసిన బిస్మిల్లాని స్కాన్ చేసి అక్కడ పెట్టాను. నీ కూతురి పెళ్లి పిలుపు నీ చేతిరాతతోనే మొదలవుతోంది.