పగులు నిజం, గీత నాది

పాఠశాల భవనాల మరమ్మతుల అధికారి గారి సముఖమునకు, డ్రాయింగు మాస్టారు చేతులు కట్టుకుని వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఐదో తరగతి గది గోడ పగులు – స్లైడ్ల ఫైలు సైజు తగ్గించబోయి పగులును పోగొట్టుట – పోయిన పగులును తిరిగి తెచ్చుట – తత్ఫలితముగా కలిగిన తలవంపు – గోడ ఇంకను అటులనే ఉండుట – గురించి.

సూచిక: "సదరు పగులు చేతితో గీసినదిగా కనబడుచున్నందున దరఖాస్తు తిరస్కరించడమైనది" అను తమ కార్యాలయపు జవాబు.

1. మా బడిలో ఐదో తరగతి గదికి కిటికీ మూల నుండి పైకప్పు దాకా గోడ పగిలి ఉన్నది. అందులో చాక్‌పీసు పట్టేస్తుంది. పిల్లలు మిగిలిన ముక్కలు అక్కడే దాచుకుంటున్నారు. కిటికీ పక్క బెంచీ పిల్ల ఒక ఉదయం, "మాస్టారూ, గోడలోంచి ఎండొస్తోంది" అని చెప్పి, ఆ వెలుగులోనే పుస్తకం పెట్టుకుని చదువుకుంది. మరమ్మతు కోరువారు ఫోటోలతో స్లైడ్లు చేసి తమ వెబ్‌సైటులో పెట్టవలెననియు, ఫైలు పది ఎంబీ దాటరాదనియు తమ ఉత్తర్వు. "రంగులు తెలిసినవారు మీరే కదా, మీరే చెయ్యండి" అని హెడ్మాస్టరమ్మ గారు ఆ పని ఈ అర్జీదారుకు అప్పగించారు. పొగిడితే పడిపోవడం ఈ అర్జీదారుకు పాత జబ్బు.

2. పని శ్రద్ధగా చేశాను. అదే కొంప ముంచింది. ప్రతి స్లైడు వెనకా నేను వేసిన సూర్యోదయం, నీటిరంగులది, స్కానరు ఇవ్వగలిగినంత పెద్ద సైజులో. పగులు ఫోటో ఎడమ వైపు నుండి తేలుతూ వచ్చి మధ్యలో నిలుస్తుంది. దాని చుట్టూ సీతాకోకచిలుకలు. వెనక వేణువు. ఫైలు మూడు వందల ఎంబీ పైచిలుకు తేలింది. నా భార్య ఆసాంతం చూసి, "గోడ పగిలిందని చెప్పడానికి సీతాకోకచిలుకలెందుకండీ? వాళ్ళు గోడ బాగుచెయ్యాలా, చప్పట్లు కొట్టాలా?" అన్నది. ఇంట్లో ఊరికే దొరికే సలహాకు విలువ ఉండదు గనుక పెడచెవిన పెట్టాను.

3. సైజు తగ్గించుటకు పడిన పాట్లు మనవి చేసుకొనుచున్నాను. మొదట ప్రతి ఫోటోనూ మూల పట్టుకుని లోపలికి నొక్కి గోరంత చేశాను. ఫైలు గోరంత కూడా తగ్గలేదు. తర్వాత ఫోటోల అంచులు కత్తిరించాను. కత్తిరించిన ముక్కలు కంటికి కనబడవే గాని ఫైలు లోపలే భద్రంగా ఉంటాయని, వాటిని తీసెయ్యడానికి వేరే మీట ఉందని మా కంప్యూటరు టీచరు తర్వాత చెప్పింది. పిమ్మట జిప్ చేశాను. నిండిన పెట్టె మీదెక్కి కూర్చున్నట్టయింది, మూత పడింది గాని బరువు తగ్గలేదు. వేణువు తీసేశాను, మనసు చంపుకుని. సీతాకోకచిలుకలను కూడా పంపేశాను. అప్పటికీ తమ వెబ్‌సైటు ఎర్రటి అక్షరాలతో వద్దంటూనే ఉన్నది.

4. చివరకు కంప్యూటరు టీచరు ఫోటోలను కుదించే మీట చూపించింది. "ఇది నొక్కితే అన్నీ ఒకేసారి తగ్గిపోతాయి మాస్టారూ. కొంచెం మసకబారతాయి, అంతే" అన్నది. నా సూర్యోదయం మసకబారడమా? అక్కడే 'ఈ ఒక్క బొమ్మకే' అని టిక్కు పెట్టుకునే గడి ఉన్నది. టిక్కు పెట్టి, పగులు ఫోటోలను ఒక్కొక్కటిగా అట్టడుగు స్థాయికి కుదించాను. సూర్యోదయాన్ని ఒక్క స్లైడుకే మిగిల్చి, దాన్ని మాత్రం ముట్టుకోలేదు. ఫైలు పది ఎంబీ లోపలికి దిగింది. ఆనందంగా తెరిచి చూస్తే పగులు లేదు. గోడ నిన్ననే సున్నం కొట్టినంత నున్నగా ఉన్నది. దాని వెనక సూర్యుడు మాత్రం కిరణం కిరణంగా ఉదయిస్తున్నాడు.

5. మళ్ళీ ఫోటో తీసుకోవచ్చు కదా అని తమకు తోచును. ఎవరికైనా తోచును. గది మా డ్రాయింగు గదికి ఎదురుగానే ఉన్నది, ఫోను జేబులోనే ఉన్నది. కాని కుంచె పట్టిన చెయ్యి ఊరుకోదు. ఫోటో మీద పగులును నేనే గీశాను. వెలుగు ఏ వైపు నుండి పడుతుందో చూసి నీడ వేశాను. గోడ పగులు కాస్త వంకరగా ఉంటుంది గనుక, చూడ్డానికి బాగుండేలా వంపు దిద్దాను. పైన రెండు పాయలుగా చీల్చాను, అసలుకు అవి లేవు. దూరం నుండి చూసుకుని మురిసిపోయి, అప్పుడు పంపాను.

6. తమ కార్యాలయంలో ఎవరో కంటి చూపున్నవారు ఉన్నారు. వారికి నా నమస్కారములు. దరఖాస్తు తిరస్కరించబడినది, తిరస్కరించిన గోడకు వచ్చే విద్యాసంవత్సరం దాకా మళ్ళీ దరఖాస్తు చెల్లదనుట కూడా తెలియవచ్చినది. జవాబు చదివి హెడ్మాస్టరమ్మ గారు దాన్ని నా చేతిలో పెట్టారు. ఆ తర్వాత, "మిమ్మల్ని ఒక్క గీత చూపించమన్నాం మాస్టారూ. గియ్యమనలేదు" అన్నారు. నా భార్య ఆ రోజు కాఫీ మామూలుగానే ఇచ్చింది. అది ఇంకా కష్టంగా ఉన్నది.

7. అయ్యా, వానలు దగ్గర పడ్డాయి. ఐదో తరగతిని వరండాలోకి మార్చాము. జల్లు కొడితే వరండా తడుస్తుంది, పిల్లలు మళ్ళీ ఆ గదిలోకే పరిగెత్తుతారు. నాకు భయంగా ఉన్నది. అర్జీలో ఈ మాట ఏ పద్ధతిలో వ్రాయవలెనో తెలియక ఉన్నదున్నట్టు వ్రాసినాను. తప్పు నాది. శిక్ష గోడకు, గోడ కింద కూర్చునేవారికి పడరాదు.

కావున తాము దయతో తిరస్కరణ ఉత్తర్వును రద్దు చేసి, ఒక ఇంజనీరు గారిని పంపి, పై విషయములన్నియు గోడ ఎదుటనే నిలబడి చిత్తగించవలెను. మరీ దగ్గరగా నిలబడవద్దని మనవి.

తమ విధేయుడు,
డ్రాయింగు మాస్టారు

తా.క.: అర్జీ సంతకం చేసి హెడ్మాస్టరమ్మ గారికి చదివి వినిపిస్తుండగా ఐదో తరగతి గదిలో చప్పుడైంది. వెళ్ళి చూస్తే కిటికీ పక్క బెంచీ మీద గోడ పెచ్చు పడి ఉంది. బెంచీ విరిగింది. ఆ పిల్ల వరండాలో ఎక్కాలు చదువుతోంది.

ఆ పెచ్చును దీనికి జతపరుస్తున్నాను. కవర్లో పట్టదు, సగానికి విరగ్గొట్టమని మా గుమాస్తా అంటున్నాడు. ఒప్పుకోలేదు. గోనె సంచిలో కట్టి నేనే మోసుకొస్తున్నాను. ఈసారి సైజు తగ్గించేది లేదు.