పోచమ్మ మనవరాలి మాడు

అమీర్‌పేట,
ఆదివారం.

అమ్మకు రాగసుధ నమస్కారాలు. ఇక్కడ నేను కులాసా. నీ మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టిందని తలుస్తాను.

"పుర్రె అడ్డం రాదూ, పసిపిల్లల తలలోకి ఎలా చూస్తావే?" అని అడిగావు. ఆ వయసులో మాడు ఇంకా మూసుకోదు కదా. దానిమీద జెల్ రాసి చిన్న స్కాన్ యంత్రం ఆనిస్తాం. మెదడు మడతలు, నడుమ నీటి గదులు తెరమీద కనిపిస్తాయి. ఎన్నిసార్లు చూసినా నాకు వింతే.

మూడు వారాల కిందట పంజాగుట్టలో మా ఆసుపత్రికి ఐదు నెలల పాపను తెచ్చారు. బ్యాక్టీరియా మెదడు పొరలకు సోకింది. మెనింజైటిస్. నేనే స్కాన్ చేశాను. మడతల మధ్య సన్నగా ఉండాల్సిన తెల్లగీతలు మందంగా మెరుస్తున్నాయి. నుదుటి వెనక, పుర్రెకూ మెదడుకూ మధ్య ఏదో చేరింది. చీము పట్టిందా, ఉత్త నీరేనా? తేలక ఎమ్మారై తీయించాం. నీరేనమ్మా. గడ్డలు లేవు, రక్తం అందక దెబ్బతిన్న చోటూ లేదు.

ఇంతవరకు నీకు చెప్పనిది ఒకటుంది. ఆ పాప మా కింది వాటాలో ఉండే పోచమ్మగారి మనవరాలు. అంతకు రెండు రోజుల ముందు ఆమె నన్ను మెట్లమీద ఆపింది.

"డాక్టరమ్మా, పోరికి పెయ్యి కాలుతున్నది, మాడు జర ఉబ్బినట్టున్నది. పాలు సుత తాగుతలేదు. చూస్తవా?"

డ్యూటీకి ఆలస్యమవుతోందని నేను ఆగలేదు. "జ్వరం తగ్గితే అదే సర్దుకుంటుందండీ" అనేసి మెట్రోకి పరిగెత్తాను. పుస్తకాల్లో చదివిన మొదటి లక్షణాన్నే ఆమె నోటితో చెప్పింది. నేను వినలేదు.

ఎమ్మారై గది బయట ఆమెతో ఉన్నమాట చెప్పాను. "ఆ రోజే పాపను చూడాల్సింది. తప్పు నాదే."

ఆమె బెంచీ మీంచి లేచింది. "గా ఫోటోల ఏమున్నదో నాకు చూపెట్టు" అంది.

తెర ముందు నిలబెట్టి చూపించాను.

"గీ నీళ్లు ఎట్ల పోతయి? పోయినట్టు ఎట్ల ఎరుకైతది?"

"మందులు పనిచేస్తే మెల్లగా ఇంకిపోతాయి. వారం వారం స్కాన్‌లో కొలుస్తాం." అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పాను. తెలియనిది తెలియదన్నాను.

నిన్నటి స్కాన్‌లో నీరు సగానికి పైగా తగ్గింది. పాప పాలు తాగుతోంది. అయితే ఈ జబ్బు కొందరికి వినికిడి పోగొడుతుంది, అది స్కాన్‌లో తెలియదు. చెవుల పరీక్ష బుధవారం.

పోచమ్మగారు నన్ను క్షమించారో లేదో నేను అడగలేదు. నిన్న వెళ్తూ వెళ్తూ, "బుధవారం నువ్వు సుత రా. వాళ్లు చెప్పేది నాకు సమజ్ చెయ్యాలె" అంది. సెలవు పెట్టాను.

ఇట్లు,
నీ కూతురు
రాగసుధ